బంతిని తాకని పటర్‌కి కోట్లెందుకు?

2021 సెప్టెంబర్. అమెరికాలో గోల్డెన్ ఏజ్ అనే సంస్థ ఒక గోల్ఫ్ క్లబ్బుని ఆన్‌లైన్ వేలానికి పెట్టింది. పాట ముగిసేసరికి ధర 3,93,300 డాలర్లు. అప్పటి రేటులో మన డబ్బు దగ్గర దగ్గర 2.9 కోట్లు. కోకాపేటలో ఓ పెద్ద ఫ్లాట్ వచ్చే సొమ్ము.

టైగర్ వుడ్స్ కోసం స్కాటీ కామెరాన్ చేసిన పటర్ అది. మెలిక ఎక్కడుందంటే, టైగర్ దాంతో ఏ కప్పూ గెలవలేదు. గెలిచిన పటర్ అతని దగ్గరే భద్రంగా ఉంది. ఇది స్పేర్. అసలుది పోతేనో, విరిగితేనో పనికొస్తుందని అదే కొలతలతో చేసి పక్కన పెట్టిన జత. మన భాషలో చెప్పాలంటే స్టెప్నీ టైరు. స్టెప్నీకి 2.9 కోట్లు!

నవ్వొస్తోంది కదా. నాకూ వచ్చింది. కానీ ఈ పటర్ల లోకంలోకి కాస్త తొంగిచూస్తే నవ్వు తగ్గి ఆసక్తి పెరుగుతుంది. లిమిటెడ్ ఎడిషన్ స్నీకర్ల కోసం అర్ధరాత్రి అలారం పెట్టుకునే బ్యాచ్‌కి అయితే ఇదంతా బాగా తెలిసిన కథలాగే ఉంటుంది.

ముందు గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూస్తే 'పుటర్' అనబుద్ధేస్తుంది కానీ, పలకాల్సింది 'పటర్'. గోల్ఫర్ తన బ్యాగులో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు. మిగతావన్నీ బంతిని గాల్లోకి లేపడానికి. పటర్ ఒక్కటే నేల మీద దొర్లించడానికి. నున్నగా కత్తిరించిన గ్రీన్ మీదికి బంతి చేరాక, నాలుగుంపావు అంగుళాల వెడల్పున్న గుంతలోకి దాన్ని మెల్లగా తోసేది ఇదే. పార్ 72 ఉన్న కోర్సులో హోల్‌కి రెండు చొప్పున 36 దెబ్బలు పటర్‌కే లెక్క కట్టి ఉంటాయి. అంటే ఆటలో సగం. డ్రైవర్‌తో 300 గజాలు కొట్టినా ఒక దెబ్బే, పటర్‌తో రెండడుగులు తోసినా ఒక దెబ్బే. ఆ రెండడుగుల బంతి తప్పిపోయినప్పుడు పెద్ద పెద్ద ఆటగాళ్ల మొహాలు చూడాలి.

సరే, కలెక్టర్లు పటర్ వెంటే ఎందుకు పడతారు? డ్రైవర్ వెంట ఎందుకు పడరు? డ్రైవర్ మీ ఫోన్‌లాంటిది. ఏటా కొత్త మోడల్, కొత్త టెక్నాలజీ. ఐదేళ్లు దాటితే ఎవరూ మొహం చూడరు. పటర్‌కి ఆ బెంగ లేదు. దాని పని దొర్లించడం, అంతే. 1966లో గీసిన ఆకారంతో ఇవాళ్టికీ ప్రొఫెషనల్స్ టోర్నమెంట్లు గెలుస్తున్నారు. పాతబడని వస్తువు మీదే మనిషికి మమకారం పెరుగుతుంది.

ఈ మోజు నిన్నమొన్నటిది కాదు. స్కాట్లండ్‌లో లీత్ అనే ఊళ్లో ఆండ్రూ డిక్సన్ అని ఒకాయన ఉండేవాడు. 1680ల మొదట్లో, కుర్రతనంలో, డ్యూక్ ఆఫ్ యార్క్‌కి గోల్ఫ్ క్లబ్బులు మోశాడు. పేరు తెలిసిన తొలి క్యాడీ ఈయనేనంటారు. పెద్దయ్యాక తనే క్లబ్బులు చేయడం మొదలుపెట్టాడు. ఆయన చేసిందని చెప్పే పొడుగు ముక్కు చెక్క పటర్ ఒకటి 2007లో న్యూయార్క్ సోత్‌బీస్ వేలంలో 1,81,000 డాలర్లు పలికింది.

ఆ తర్వాతి కాలంలో సెయింట్ ఆండ్రూస్‌లో హ్యూ ఫిల్ప్ వచ్చాడు. వడ్రంగి పనివాడు. ఆయన చేతిలో పటర్ తల సన్నగా, పొడుగ్గా, ఒంపు తిరిగి ఉండేది. గట్టి చెక్కని చెక్కి, వెనక భాగం తొలిచి అందులో సీసం పోసేవాళ్లు, బరువు కోసం. అడుగున పొట్టేలు కొమ్ము ముక్క బిగించేవాళ్లు, నేలకి రాసుకుని అరిగిపోకుండా. తలని కర్రకి ఏటవాలుగా అతికించి, అతుకు మీద దారం బిగించి చుట్టేవాళ్లు. చేసేదంతా ఆటవస్తువే, కానీ ఒక్కో పనికీ ఒక్కో కారణం ఉంది. వయొలిన్లకి స్ట్రాడివేరియస్ ఎలాగో క్లబ్బులకి ఫిల్ప్ అలాగ అని పేరు పడిపోయింది. ఆయన 1856లో పోయాడు. పేరు ఎంత గట్టిదంటే, 19వ శతాబ్దంలోనే దొంగ ఫిల్ప్ క్లబ్బులు బజార్లో కనిపించడం మొదలైంది. ఆన్‌లైన్ ఫేకులు మన కాలం జబ్బు అనుకుంటాం గానీ, ఆ జబ్బు ఇంటర్నెట్ కంటే చాలా పాతది.

ఇప్పుడు అసలు హీరో దగ్గరికొద్దాం. కార్స్టెన్ సోల్‌హైమ్. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన మనిషి, జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరు. గోల్ఫ్ నేర్చుకున్నది ముదురు వయసులో. పటింగ్ మాత్రం కుదిరేది కాదు. అందరూ 'నా చేయి బాలేదు' అనుకుంటారు. ఈయన ఇంజినీరు కదా, 'పటర్ బాలేదు' అనుకున్నాడు. బంతి మధ్యలో తగలకపోతే పటర్ తల మెలితిరిగిపోతోంది, అందుకే గురి తప్పుతోంది. అయితే బరువంతా మధ్యలో ఎందుకుండాలి? రెండు చివర్లకీ పంచేస్తే తిరగదు కదా! తక్కెడకి రెండువైపులా పళ్లాలున్నట్టు. 1959లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో, తన ఇంటి గరాజ్‌లో ఆ లెక్కతో పటర్ చేశాడు. బంతికి తగిలితే 'పింగ్' మని మోగింది. కంపెనీ పేరు కూడా అదే అయింది.

1966లో ఇంకో మంచి ఆలోచన తట్టింది. చేతికి కాగితం దొరకలేదో ఏమో, గ్రామఫోన్ రికార్డు అట్ట కవర్ మీద గీసేశాడు. భార్య లూయిస్ దానికి 'ఆన్సర్' అని పేరు సూచించింది. అందరూ అడుగుతున్న ప్రశ్నకి ఇదీ జవాబు, అని. ఇంగ్లిష్ స్పెల్లింగ్ మొత్తం పటర్ మీద పట్టదంటే, మధ్యలో పలకని ఒక అక్షరాన్ని పీకేయమంది కూడా ఆవిడే. 1969లో జార్జ్ ఆర్చర్ దీంతోనే మాస్టర్స్ గెలిచాడు. పేటెంట్ గడువు తీరాక ఆ ఆకారాన్ని ప్రపంచమంతా వాడుకుంది. ఇవాళ మీరు చూసే ఖరీదైన పటర్లలో సగానికి సగం, టైగర్ వాడే న్యూపోర్ట్ 2తో సహా, ఆ రికార్డు కవర్ మీది బొమ్మకి మనవలూ మునిమనవలే.

తమాషా ఏంటంటే తొలి ఆన్సర్ పటర్లు ఆర్ట్ అనుకుని ఎవరూ చేయలేదు. మాంగనీస్ బ్రాంజ్‌లో పోత పోసిన మామూలు సరుకు. పింగ్ కంపెనీ అప్పట్లో అరిజోనాలోని స్కాట్స్‌డేల్ చిరునామాతో ఉండేది, 1967లో ఫీనిక్స్‌కి మారింది. కాబట్టి 'స్కాట్స్‌డేల్' అని చెక్కిన తొలి ఆన్సర్‌కి ఒక రేటు, 'ఫీనిక్స్' అని ఉన్నదానికి అంతకన్నా బాగా తక్కువ రేటు. ఆకారం అదే, లోహం అదే. మారింది ఒక అడ్రసు.

ఇక స్కాటీ కామెరాన్. చిన్నప్పుడు నాన్నతో కలిసి గరాజ్‌లో పటర్లు సానపట్టిన కుర్రాడు. 1993లో జర్మన్ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ ఆయన చేసిన పటర్‌తో మాస్టర్స్ గెలవడంతో దశ తిరిగింది. మరుసటి ఏడే టైటిలిస్ట్ కంపెనీ ఆయన్ని కలుపుకుంది. తర్వాత టైగర్ వచ్చాడు. అతను గెలిచిన 15 మేజర్లలో 14 ఒకే ఒక్క న్యూపోర్ట్ 2 పటర్‌తో గెలిచాడు. జర్మన్ స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేసింది అది. పాతికేళ్లు దాటినా అతని చేతిలో చూస్తే ముఖం మధ్యలో బంతి తగిలి తగిలి అరిగిన మచ్చ కనిపిస్తుంది.

అక్కడి నుంచి కామెరాన్ పటర్ ఒక వస్తువుగా మిగల్లేదు, ఒక మతమైపోయింది. మామూలుగా షాపులో దొరికే రకం నాలుగైదు వందల డాలర్లు. వృత్తి ఆటగాళ్ల కోసం ప్రత్యేకంగా చేసేవాటి మీద మాత్రం గుండ్రటి గీతలో 'టీ' అక్షరం ముద్ర ఉంటుంది. దాన్ని సర్కిల్ టీ అంటారు. అవి మామూలు షాపుల్లో దొరకవు. దొరకవు కాబట్టి వేలల డాలర్లు. కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్‌లో ఆయన పటర్లకి ఏకంగా ఒక గ్యాలరీ ఉంది. పటర్ తలకి తొడిగే కవర్లు కూడా వందల డాలర్లు పలుకుతాయి. చూడ్డానికి చంటిపిల్లల మేజోడులా ఉండే కవర్! దీన్ని కూడా ఆర్ట్ అంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ ఆర్ట్ ఉన్నది అమ్మకంలో.

అసలు 'హ్యాండ్‌క్రాఫ్టెడ్' అనే మాటతోనే నాకు చిన్న పేచీ ఉంది. ఈ కాలం ఖరీదైన పటర్లలో చాలావాటిని కోసేది మనిషి కాదు, కంప్యూటర్ నడిపే మిల్లింగ్ మెషీను. స్టీలు దిమ్మని బిగిస్తే, అది గీత తేడా రాకుండా తొలుచుకుంటూ పోయి 350 గ్రాముల తలని బయటికి తీస్తుంది. మరి చేతిపని ఎక్కడ? దాని తర్వాత. అంచులు ఎంత మెత్తబడాలి, మెడ ఎంత వంగాలి, పైనుంచి చూస్తే ఆటగాడి కంటికి గీత తిన్నగా అనిపిస్తోందా లేదా, ఇవన్నీ మనిషి చూసి, సానపట్టి తేల్చాలి. అక్షరాల్ని ఒక్కోటీ అచ్చు పెట్టి సుత్తితో కొడతారు. అందుకే అవి కాస్త అటూ ఇటూ ఊగుతున్నట్టు ఉంటాయి. కలెక్టర్లకి ఆ ఊగడమే ముద్దు. అచ్చంగా వరసలో ఉంటే మెషీన్ కొట్టిందేమోనని అనుమానం.

మెషీన్ వాడినంత మాత్రాన చిన్నచూపు చూడక్కర్లేదు కూడా. ఇల్లినాయ్ రాష్ట్రంలో రాబర్ట్ బెటినార్డీ అనే ఆయన ఉన్నాడు. పటర్ తలనీ మెడనీ విడిగా చేసి అతికించకుండా మొత్తం ఒకే దిమ్మలోంచి తీయడం ఆయన ప్రత్యేకత. 2003లో జిమ్ ఫ్యూరిక్ యూఎస్ ఓపెన్ గెలిచింది ఆయన పటర్‌తోనే. ఒకే దిమ్మ అంటే మనకి వెంటనే గుర్తొచ్చేది బొబ్బిలి వీణ. ఒకే పనస దుంగలోంచి కుండ, దండి అన్నీ తొలిచే ఏకాండి వీణ. అతుకు లేకపోతే నాదం ఎక్కడా తెగదని అక్కడివాళ్ల నమ్మకం. బంతి తగిలినప్పుడు చేతికి అందే స్పర్శ గురించి పటర్ చేసేవాళ్లు చెప్పేదీ దాదాపు ఇదే. తేడా అల్లా, వీణకి ఉలి పట్టేది మనిషి చేయి, దీనికి మెషీను.

నన్నడిగితే చేతి గొప్పతనం బాగా కనిపించేది మంట దగ్గర. కార్బన్ స్టీలు పటర్ని గ్యాస్ టార్చ్‌తో కాలుస్తారు. వేడి ఎక్కుతున్నకొద్దీ స్టీలు మీద సన్నని పొర ఏర్పడి రంగులు మారతాయి. ముందు గడ్డి రంగు, తర్వాత ఎరుపు కలిసిన గోధుమ, ఊదా, మూడు వందల డిగ్రీల దగ్గర నీలం. అది పెయింట్ కాదు. పొర మందాన్ని బట్టి వెలుతురు చేసే మాయ. ఒక్క క్షణం మంట ఎక్కువసేపు ఆగిందా, నీలం కాస్తా బూడిద రంగైపోతుంది. మళ్లీ మొదట్నుంచి సానపట్టుకోవాల్సిందే. ఒకే మనిషి వరసగా పది పటర్లు కాల్చినా ఏ రెండూ ఒకేలా రావు. ఇక్కడ 'ఆర్ట్' అంటే నేను ఎదురు చెప్పను.

కార్బన్ స్టీలుతో ఇంకో గొడవ, తుప్పు. చెమట చేత్తో ముట్టుకుని తుడవకుండా వదిలేస్తే వేలిముద్రే మచ్చయి కూర్చుంటుంది. వాడినప్పుడల్లా నూనె రాయాలి. కాకినాడ, విశాఖ గాలిలో ఇలాంటిది పెంచుకోవడం అంటే పసిపిల్లని సాకడమే.

మరికొందరు డమాస్కస్ స్టీలు వాడతారు. రకరకాల స్టీలు పొరల్ని కలిపి కాల్చి సాగగొట్టి, చివర్లో యాసిడ్‌లో ముంచితే నీటి అలల్లాంటి గీతలు తేలతాయి. ఒక్కో పటర్ మీద ఒక్కో నది. ఈ పేరు వినగానే మనవాళ్లు కాస్త ఛాతీ విరుచుకోవచ్చు. పాతకాలపు అసలు డమాస్కస్ కత్తులకి ముడిసరుకు దక్షిణ భారతం నుంచే వెళ్లింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవాళ్లని కంపెనీ కాలం నాటి రాతల్లో ఉంది. ఇంగ్లిష్‌లో దాన్ని 'ఊట్జ్' అంటారు. మన 'ఉక్కు' మాటే వాళ్ల నోట్లో నలిగి అలా అయిందంటారు. అయితే ఛాతీ మరీ ఎక్కువ విరవకండి. ఇవాళ పటర్ల మీద కనిపించేది ఆ మూస ఉక్కు కాదు. పొరలు అతికించి తెచ్చిన గీతలు. పేరొకటే, పని వేరు.

ఇంతకీ స్టెప్నీకి అంత ధర ఎందుకు? నాకు అర్థమైనంత వరకు ఒక పటర్ ధరలో మూడు చేతులుంటాయి. చేసిన చేయి, ఆడిన చేయి, అమ్మే చేయి. ఫిల్ప్ చెక్క పటర్ కొన్నవాళ్లు మొదటి చేతికి డబ్బిస్తున్నారు. సర్కిల్ టీ ముద్రకీ, మేజోడు కవర్‌కీ వెళ్లేదాంట్లో ఎక్కువ భాగం మూడో చేతిదే. మధ్యలోదే అన్నిటికంటే వింత. కలెక్టర్ తను కొన్న పటర్ని ప్లాస్టిక్ రేపర్ కూడా విప్పకుండా దాచుకుంటాడు. తను పదిసార్లు ఆడితే ధర పడిపోతుంది. అదే పటర్‌తో టైగర్ పదివేలసార్లు ఆడి అరగ్గొడితే ధర ఆకాశానికి వెళ్తుంది. ఆ స్టెప్నీ కొన్నవాళ్లు టైగర్ చేతికి కూడా కాదు, ఆ చేతికి అందేంత దగ్గర్లో ఉండటానికి డబ్బిచ్చారు.

దీనికి పాత సాక్ష్యం బాబీ జోన్స్ పటర్. పేరు కలామిటీ జేన్. 1923లో అది అతని చేతికి వచ్చేటప్పటికే పాతది, హికరీ కర్ర. ఆ ఏడే దాంతో యూఎస్ ఓపెన్ గెలిచాడు. కర్ర బీటలు వారిన చోట దారం చుట్టి కట్టు కట్టారు. ఆ తర్వాత అతని పేరు మారుమోగిపోయాక స్పాల్డింగ్ కంపెనీ అచ్చు అలాంటి పటర్లే చేసి జనానికి అమ్మింది. ఏ పగులూ లేని కొత్త కర్రల మీద ఆ కట్లు కూడా చుట్టి మరీ! చినిగిన జీన్స్‌ని కొత్తగా కొనే మనకి ఇది వింతగా అనిపించకూడదు.

అందానికీ ఆటకీ సంబంధం ఉందా అంటే, 1986 మాస్టర్స్ చూడండి. 46 ఏళ్ల జాక్ నిక్లాస్ చేతిలో మెక్‌గ్రెగర్ రెస్పాన్స్ జెడ్‌టీ అనే అల్యూమినియం పటర్. తల ఇంతుంటుంది. నా కంటికైతే ఇల్లు తుడిచే మాప్‌కి అడుగున ఉండే దిమ్మలా కనిపిస్తుంది. దాంతోనే గెలిచాడు. మర్నాటి నుంచి కంపెనీకి వేలల్లో ఆర్డర్లు. ఎవరూ దాన్ని గాజు పెట్టెలో పెట్టాలని కొనలేదు. గుంతలో బంతి పడాలని కొన్నారు.

కొనే సరదా ఉంటే రెండు జాగ్రత్తలు. కామెరాన్ పేరుతో నకిలీలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. సర్టిఫికెట్ ఉందని నమ్మేయకండి, సర్టిఫికెట్ కూడా అచ్చు వేయగలరు. దాని నంబరు కంపెనీ దగ్గర సరిచూసుకోవాలి. పటర్ ముఖం మీద మెషీన్ కోత గీతలు పదునుగా, ఒకే లోతులో ఉన్నాయో లేదో చూడాలి. పోత పోసి గీతలు నటించే సరుకులో అంచులు మొద్దుగా ఉంటాయి. ఇంకోటి, అప్పు చేసి కొనకండి. 'రీసేల్‌లో డబులవుతుంది' అనే మాట స్నీకర్లకి ఎంత నిజమో దీనికీ అంతే నిజం.

డబ్బు పెట్టకుండా ఈ సరదా తీరే దారి కూడా ఒకటుంది. అమెరికాలో ఉన్న మీ బావగారికో, అక్కకో శనివారం గరాజ్ సేల్స్‌కి తిరిగే అలవాటుంటే ఓ మాట చెప్పి ఉంచండి. మూలన పడేసిన పాత గోల్ఫ్ బ్యాగుల్లో, పచ్చగా, నల్లగా మారిన బ్రాంజ్ పటర్ కనిపిస్తే తిప్పి చూడమనండి. 'స్కాట్స్‌డేల్' అని ఉందేమో చదవమనండి. ఉన్నంత మాత్రాన ఎగిరి గంతేయొద్దు, పింగ్ ఆ పేరుతో తర్వాత కొత్త మోడళ్లు కూడా తెచ్చింది. నాలుగువైపులా ఫొటోలు తీసి, తెలిసినవాళ్లకి చూపించాలి. అన్నిటికంటే ముఖ్యం, చింతపండు పెట్టి తోమేయొద్దని చెప్పండి. ఆ నలుపుకే డబ్బు.